కోరా గుడ్డ

కోరా వెండెల్ పోయిందట.
ఫోన్లో బొటనవేలంత ఫోటో,
కింద రెండు తేదీలు, మధ్యలో చిన్న గీత.
నేనా ముఖాన్ని అడుగుల్లో ఎరుగుదును.

మొదటిసారి పన్నెండడుగులు.
గాంధీనగరంలో, హాలు వెనక రేకుల షెడ్డులో
కుట్టిన కోరా గుడ్డకి సుద్దా జిగురూ పట్టించి
గళ్ళు గీయడం నా పని.
"గుడ్డ పేరూ కోరాయే, పిల్ల పేరూ కోరాయే,
ఒరే ఏసుపాదం, ఇది మన మనిషేరా"
అని నవ్వాడు దరియావలి మేస్త్రి.

డిస్ట్రిబ్యూటరు పంపింది ఒక్కటే స్టిల్లు.
నలుపూ తెలుపూ, ఒక మూల ఎలక కొరికింది.
కళ్ళ రంగు ఎవడికి తెలుసు?
మేస్త్రి బీడీ ఆర్పి
కాసేపు ఏలూరు కాలవ వైపు చూసి
నల్లకళ్ళు పెట్టాడు.
రెప్పల కింద కాటుక కూడా.
ఆదివారం మార్నింగ్ షోకి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు
ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా
ఆ కళ్ళ కోసం మళ్ళీ వచ్చారు.
తెర మీద అవి ఎట్లా ఉన్నాయో
బూడిద రంగు బొమ్మలో ఎవరూ పట్టించుకోలేదు.
గేటు దగ్గర రాఘవులు ఆమెని కోరమ్మ అనేవాడు,
మేనత్త కూతురి సంగతి చెప్పినట్టు.

తర్వాత మూడేళ్ళు గుడ్డ మీదికి రాలేదు.
కంపెనీ చెప్పిన వేషం వెయ్యనందట,
కోర్టుకెక్కిందట,
మొగుణ్ణి వదిలేసిందట,
గోధుమ పిండి మిల్లున్న పుట్టినూరికి వెళ్ళి
అక్క కొట్లో పద్దులు రాస్తోందట.
పేపర్లో ఆరో పేజీ ముక్కలు ముక్కలుగా చెప్పేది.
"పంతం గల పిల్ల" అన్నాడు మేస్త్రి,
ఎవరో తన అప్పు తీర్చినంత సంతోషంగా.

గెలిచే వచ్చింది. ఈసారి రంగుల్లో.
కానీ ఎనిమిదడుగులే, హీరో భుజం పక్కన.
మేస్త్రి నేల టిక్కెట్టులో కూర్చుని చూసి
షెడ్డుకొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.
"గచ్చకాయ రంగు కళ్ళురా.
బెజవాడ మొత్తానికి అబద్ధం చెప్పాం."
రెండో వారం బ్యానర్‌కి మళ్ళీ నలుపే కలిపాడు.
"అక్కడివి వాళ్ళమ్మ ఇచ్చిన కళ్ళు.
ఇక్కడివి నేనిచ్చినవి."

ఆవిడకి బెజవాడనే ఊరుందని తెలీదు.
తెలియాల్సిన పనీ లేదు.

ఆరేళ్ళు తిరిగేసరికి మూడడుగులు.
అదే హీరో. ఆమె వాడికి తల్లి.
"మొన్నటిదాకా వాడి పెళ్ళాం కదరా,
ఈ ఏడు అమ్మా?
వయసు ఈవిడొక్కదానికే వచ్చిందా?"
నుదుటి మీద ముడతలు వెయ్యమని మేనేజరు,
వెయ్యనని మేస్త్రి.
చివరికి ఆయన టీకి వెళ్ళినప్పుడు
మూడు గీతలు నేనే లాగాను.
చూశాడు. ఏమీ అనలేదు.
అనుంటే బావుండేది.

ఆ పైన ఒక దెయ్యం సినిమాలో కిటికీ వెనక ముసలిది, జానెడు.
ఆ పైన పేరు మాత్రమే, అదీ పైనించి తొమ్మిదోది.
దాన్ని రాసింది కూడా నేనే, సన్నకుంచెతో.
అప్పటికి మేస్త్రి లేడు.

ఆడేసిన బ్యానర్లు తూకం మీద గుంటూరు పోయేవి,
మిర్చి యార్డుకి.
ఒక ఏప్రిల్లో బావమరిది లారీలో నేనూ వెళ్ళాను.
ఘాటు, తుమ్ములు, మాట పెగలని గొంతు,
తుడుచుకున్న కొద్దీ మంటెక్కే చూపు.
ఆ మసకలో, ఎర్రటి గుట్ట మీద కప్పిన గుడ్డలో
ఆమె కుడి కన్ను.
అరచేయంత. నల్లగా.
ఎండకి బీటలిచ్చింది గానీ వెలిసిపోలేదు.
నుదురు మడతలోకి పోయింది,
నా గీతలు కనబడలేదు.

ఎంతకిస్తావని అడిగాను గుమాస్తాని.
నా వైపు కాక పైకి చూశాడు.
"ఇవ్వనయ్యా. మబ్బు పట్టింది.
సరుకు తడిస్తే నువ్విస్తావా?"
కంటి పక్కన ఒక రాయి జరిపి
తాడు ఇంకో చుట్టు బిగించాడు.

చినుకులు మొదలయ్యేదాకా
లారీ ఎక్కకుండా అక్కడే నిలబడ్డాను.
నూనె రంగు కదా,
పడ్డ నీళ్ళు పడ్డట్టే జారిపోయాయి.

కాయ ఒక్కటీ తడవలేదు.