కీలెరిగి

బూట్లు తుడుచుకోనక్కర్లేదు బెల్మీరో, లోపలికి రా.
ఆగెదాలో ఈ వీధి నేలకి నూనె వదలదు.
పేరు దెయోలిందా తవారెస్, మొదటి గడిలో అదే రాసుకో.
మిగతా ప్రశ్నలు తర్వాత,
ముందు ఆ గోడమీది పలక చూడు:
'పోర్చుగల్ ప్రభుత్వ సహాయంతో.'
ఎంత పొడవుండాలో, ఎంత ఎత్తున కొట్టాలో
మీవాళ్ళే వచ్చి కొలిచారు.
ఇక్కడ ఇంకేదీ ఎవరూ అంత శ్రద్ధగా కొలవలేదు.

పలక పక్కన, దుప్పటి కింద, మరచెయ్యి.
కొత్త యంత్రానికైతేనే డబ్బన్నారు, కొన్నాను.
ముందు నువ్వు కట్టు, తర్వాత మేమిస్తామన్నారు,
పదమూడు నెలలు బ్యాంకు వడ్డీ పోసి సాకాను.
మాకొచ్చే ఆర్డర్లు నూరో, రెండొందలో,
ఒక్కో తలుపుకి ఒక్కో వంపు కీలు.
దానికి నేర్పేలోపు పని అయిపోతుంది.
ఇప్పుడు దానిమీద తడి గ్లవ్స్ ఆరేస్తున్నాం.
మీ లెక్కలో మేం ఆధునికులం.

ప్రెస్ దగ్గర ఆర్లిందో. అరవై తొమ్మిది.
కీలు తొట్టిలో పడ్డ చప్పుడు విని చెప్తాడు
పిన్ను వెంట్రుకవాసి వదులని.
ఆ చెవి ఏ పథకంలోనూ లేదు.
పక్కన ఆ పిల్ల ఇరియా, వచ్చి ఆరు వారాలు.
మొన్న తొంభై పాడుచేసింది. నిన్న డెబ్భై.
ఆర్లిందో ఏమీ అనడు,
ఇంకో రేకు చేతికిస్తాడు.

పథకాన్ని సంస్కరిస్తున్నారట కదా,
సూచన అయిదు వందల అక్షరాలు మించకూడదట.
నాకన్ని అక్కర్లేదు. రాసుకో:
పాడైన ఇనుముకి డబ్బివ్వండి.

నవ్వకు.
యంత్రం కొంటే రసీదుంటుంది,
చెయ్యి తయారైతే రసీదేది?
నెలనెలా వచ్చి ఆ చెత్తతొట్టి తూచండి.
బరువు తగ్గుతూ వస్తే అదే మీ నివేదిక.
కీళ్ళు చేసేదాన్ని, నాకు తెలిసింది చెప్తున్నా:
కీలెరిగి వాత పెట్టాలి.
నొప్పి మోకాట్లో ఉంటే మీరు
మెడకి పూత పూసి పోతున్నారు.

ఆ గడి లేదా నీ కాగితంలో?
యంత్రాలు, సాఫ్ట్‌వేర్, ప్రదర్శనలు, ఇతరములు.
ఇతరములకి ఒక్క గీతే.

పోనీ, ఇది తీసుకెళ్ళు. ఇరియా మొదటిరోజు చేసింది.
ఒక రెక్క ఇంకో రెక్కని ఒప్పుకోదు,
పూర్తిగా తెరుచుకోదు, మూసుకోదు.
అవెయిరోలో మీ ఆఫీసు కిటికీ తీస్తే గాలెక్కువట,
కాగితాల మీద పెట్టుకో.

కాఫీ తాగి వెళ్ళు. నాలుగింటికి ప్రెస్ ఆపుతారు.
ఇందాకట్నుంచీ అరుస్తూనే చెప్పాను,
ఎంత వినబడిందో నీకు.