నలుపులో చిటికెడు నీలం

పద్నాలుగేళ్ళకి అద్దకపు గదిలో చేరాను.
చేతికి తెడ్డు ఇవ్వలేదు, చిట్టా ఇచ్చారు.
ఉన్ని చిలపకో అంకె, అంకెకో రంగు.
బూడిదలే రెండొందల పన్నెండు:
బెండుచెట్టు వలిచిన మర్నాటి బెరడు ఒకటి,
అలెంతేజు ఎండలో మూడేళ్ళు మాగిన గోడసున్నం ఒకటి,
గాడిద మూతి దగ్గర తప్ప
ఇంకెక్కడా దొరకనిది ఒకటి.

గ్వల్దీను మేస్త్రి తక్కెడని నమ్మేవాడు కాదు,
నాలికని నమ్మేవాడు.
అన్నభేది నీళ్ళు ఒక్క చుక్క తాకించుకుని
ఉమ్మేసి, "ఇంకో గరిటె" అనేవాడు.
ఆయన గోళ్ళు ఏ ఆదివారమూ తెల్లబడలేదు.
పెళ్ళిళ్ళలో చేతులు జేబుల్లో దాచుకునేవాడు.

మగ్గాల గది పైన. అక్కడ ఫెలిజ్మీనా.
ఆ ఏడు ఆమె నేస్తున్నది సముద్రం.
తీరాన నల్లశాలువాతో ఒకతె,
ఇంకా రాని పడవ కోసం.
సముద్రం అయింది, శాలువా సగం అయింది,
అప్పుడు దిగింది మెట్లు, చిలప చేతిలో వేలాడుతూ:
"ఇది నలుపా? తుప్పు.
మా పెనం అడుగు గీకినా ఇంతకన్నా నల్లగా వస్తుంది."

ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఆ మాట అన్నవాళ్ళు లేరు.
మాచికాయలు మళ్ళీ నూరాడు.
మూడుసార్లు ముంచి, నాలుగుసార్లు ఆరేసి
కాకి చూస్తే తల దించుకునే నలుపు తీశాడు.
పైకి వెళ్ళింది.
తుప్పయి తిరిగొచ్చింది.

మాటలు ఆగిపోయాయి. మెట్ల మీద నేనే
ఆయన కోపాన్ని పైకీ, ఆమె కోపాన్ని కిందికీ మోశాను,
సగం ఒలకబోస్తూ.

ఒక మధ్యాహ్నం, రొట్టె చుట్టిన కాగితానికి
అగ్గిపుల్లతో చిల్లు పొడిచి
(ఎందుకో తెలీదు, ఊరికే)
శాలువా మీద పెట్టాను.
చిల్లులో నలుపు. కటిక నలుపు.
కాగితం తీశాను. తుప్పు.
పెట్టాను. నలుపు.

నేరం సముద్రానిది.
నీలాన్ని చూసి చూసి అలిసిన కన్ను
పక్కనున్నదానికి కాస్త నారింజ పూస్తుంది,
ఎవరూ అడక్కుండానే.
పొరుగింటివాళ్ళు కళ్ళాపి చల్లితే
మన గుమ్మమూ తడిసినట్టు.

గ్వల్దీను చిల్లులోంచి చూశాడు. చాలాసేపు.
కిందికి దిగి నల్లతొట్టిలో
చిటికెడు నీలిమందు వేశాడు.
ఆ చిలప చేతిలో ఉంటే తప్పు, కమిలిన దెబ్బలా.
మగ్గం మీద, ఆ నీళ్ళ పక్కన,
అదొక్కటే నలుపు.

"నిజంలా కనబడాలంటే అబద్ధం కలపాలన్నమాట," అన్నాను.
"అబద్ధం కాదురా, మర్యాద.
పక్కన ఎవరున్నారో చూసుకోవడం."

ఫెలిజ్మీనా ఏమీ అనలేదు.
మర్నాడు తొట్టి గట్టు మీద
ఒక నిమ్మకాయ పెట్టి వెళ్ళింది, గోళ్ళకి.
ఆయన దాన్ని కొయ్యలేదు.
గవ్వలా గట్టిపడేదాకా కిటికీలోనే ఉంది.

ఆయన పోయింది పదకొండేళ్ళకి, ఫిబ్రవరిలో.
నలుపు కట్టే హక్కు ఆ ఊళ్ళో
ఆయన ఇద్దరు చెల్లెళ్ళకే ఉంది.

ఆ వసంతం, తెల్లగోడల అడుగున
నీలం పట్టీ తీర్చే వీధిలో
ఫెలిజ్మీనా నా ముందు నడుస్తోంది, నల్లబట్టల్లో.
తుప్పు.
అలవాటుగా పిడికిలి గొట్టం చేసి కంటికి ఆనించాను,
గోడని తీసేసి చూద్దామని.

తుప్పే.

గోడ తప్పేం లేదు.
ఇంట్లో, వంటగిన్నెలో, తలుపేసుకుని,
ఎవరినీ కొలత అడక్కుండా అద్దుకున్న నలుపు.
ఊళ్ళో అందరికన్నా నలుపు తెలిసిన మనిషి.

సోమవారం పొద్దున్నే, మగ్గాలు కదలకముందు
ఆమె పీట మీద పొట్లం పెట్టాను:
మాచికాయ పొడి, అన్నభేది,
ఆ వీధిని గుర్తు పెట్టుకుని
నీలిమందు, చిటికెడుకి కాస్త ఎక్కువ.

చిట్టాలో దానికి అంకె వెయ్యలేదు.