సున్నా పక్కన చుక్క

తెల్లవారుజామున ఐదున్నరకి ఓన్నె వస్తుంది.
మా భాషలో ఆ పేరుకి అదృష్టమని అర్థం.
దీపం వెయ్యదు. చేతిలో చిన్న టార్చి.
ఛాతీలో వేలాడే గొట్టం మూత తిప్పి
మూడు సీసాలు నింపుకుంటుంది,
పాలు పితికినంత నెమ్మదిగా.
తొమ్మిదింటికి గోడకున్న తెల్లబల్ల మీద
నా అంకె రాసిపోతుంది:
0.1

ముప్ఫై ఎనిమిదో రోజు.
నిన్నా ఇదే. మొన్నా ఇదే.
అటుమొన్న 0.2 అయి, ఆశపెట్టి, వెనక్కి పోయింది.

పక్క మంచం జినైదా, నార్వా ఊరామె,
పంతొమ్మిదో రోజుకే కౌంట్ ఎక్కి
ఎర్ర ఊలు టోపీ పెట్టుకుని ఇంటికెళ్లిపోయింది.
గుమ్మం దగ్గర ఆగి, మాస్కు మీంచే ఒక ముద్దు
నా వైపు విసిరింది.
సంతోషించాను. ఆ రాత్రి దుప్పటి కొరికాను.
రెండూ నిజమే.

ముప్ఫయ్యేళ్లు రొట్టెల కొట్లో పనిచేశాను,
టార్టు స్టేషన్ వెనక సందులో.
నల్లటి రై రొట్టె.
పిండి పొంగకపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు:
ఏమీ చెయ్యకూడదు.
మూత తియ్యకూడదు. వేలు పెట్టి చూడకూడదు.
గుడ్డ కప్పి, పొయ్యి పక్కకి జరిపి
వేరే పని చూసుకోవాలి.
కొత్తగా చేరిన పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో,
"తొందర నీకు, పిండికి కాదు" అని.
ఇప్పుడు ఆ పిల్లల్లో ఎవరైనా వచ్చి
నాకదే మాట చెప్తే
చెంప పగలగొడతాను.

పులిసిందేదీ నా గదిలోకి రాకూడదు.
పెరుగు, పువ్వులు, తొక్క తియ్యని పండు,
మనవరాలి చీమిడి ముక్కు,
ఏవీ రాకూడదు.
పుల్లటి పిండిలో బతికిన చేతులు
గంటకోసారి స్పిరిట్ రాసుకుని
ఎవరివో చేతుల్లా ఉన్నాయి.

పళ్లు తోముకుంటే ఎర్రటి నురగ.
పసుపుపచ్చ సంచి తెచ్చి తగిలిస్తారు, ప్లేట్‌లెట్లు.
ఎవరి ఒంట్లోవో.
ఆ మనిషి ఆ పొద్దున ఏం తిని వచ్చాడోనని
చుక్కచుక్కకీ ఆలోచిస్తాను.

ఎముకలోకి సూది దించి చూశారు.
డాక్టర్ కల్యుస్తె కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
కూర్చునే డాక్టర్లంటే నాకు భయం.
"చెడ్డ కణాలు కనబడలేదు" అన్నాడు.
"మంచివి?"
"అవీ."

అంటే దొంగలు పోయారు.
ఇంటివాళ్లు ఇంకా తిరిగి రాలేదు.
తలుపులు బార్లా తెరిచున్న ఇంటికి
నేనొక్కదాన్నే కాపలా,
చేతిలో కర్రయినా లేకుండా.
"ఎప్పుడొస్తారు?"
"కొందరికి ఆలస్యం."
ఆ కొందరు చివరికి ఏమయ్యారో
అడగబోయి, నీళ్లు తాగాను.

చిన్నప్పుడు, ఐదుగురిలో నాలుగోదాన్ని,
నన్నెవరూ లెక్కచెయ్యరని ఏడ్చేదాన్ని.
ఇప్పుడు రోజూ లెక్కపెడుతున్నారు.
నా రక్తమే నన్ను లెక్కచెయ్యట్లేదు.

సాయంత్రం ఎండెల్ ఫోను.
రిటైరయ్యాక శీతాకాలమంతా పెయిప్సి సరస్సు మీదే.
గడ్డకట్టిన నీళ్లకి కన్నం పొడిచి
బొక్కెన బోర్లించి దానిమీద కూర్చుంటాడు, గాలం వేసి.
పెళ్లయినప్పటినుంచీ మాకు మాటలు తక్కువ.
"నీదెంత?"
"సున్నా పాయింట్ ఒకటి. నీది?"
"సున్నా."
"నాకన్నా తక్కువ."
"అవును. నువ్వే నయం."
ఫోన్లో గాలి హోరు. ఇద్దరం కాసేపు విన్నాం.

నలభై మూడో రోజు,
"ఒకటి పడింది" అన్నాడు. "వేలెడంత. వదిలేశాను."
"నాకూ పడింది. సున్నా పాయింట్ మూడు.
నేను వదల్లేదు."

మర్నాడు బల్లమీద మళ్లీ రెండు.
చెప్పడానికి నోరు రాక
చలెలా ఉందని అడిగాను.
మైనస్ పద్దెనిమిది, అన్నాడు.
తెరిచిన కన్నం పావుగంటకే మూసుకుపోతోందట,
చిల్లుల గరిటెతో పొర తీస్తూ కూర్చున్నాడట.
"ఉండు, మళ్లీ పట్టింది" అని
ఫోను మంచుమీద పెట్టాడు.
గరిటె గీరుతున్న చప్పుడు
నా చెవిలో, చాలాసేపు.