పాటు

మార్చి పన్నెండున వాళ్ల దేశం పుట్టిందంటండి.
నాకు పదకొండో తారీకు రాత్రి తెలిసింది,
టూరిజం ఆఫీసు కుర్రాడు జెండా ఒకటి తెచ్చి
పడవ ముక్కుకి కట్టమన్నప్పుడు.
ఎరుపు, నీలం, పసుపు, పచ్చ.
ఏది పైకో అతనికీ తెలీదు.
పచ్చ పైకి కట్టాను.
మడచెట్టుకి పచ్చ పైనే కదా ఉండేది.

పొద్దున్నే కోరంగి కాలవ గట్టున షామియానా.
ఒక బల్ల మీద నరసాపురం లేసు,
ఒక బల్ల మీద ఆత్రేయపురం పూతరేకులు,
ఐసు మీద రొయ్యలు, కౌంటు ప్రకారం వరసగా,
పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు.
మారిషస్ నుంచి పదకొండు మంది.
వాళ్ల కాన్సులు గారు మైకు పట్టుకుని
సముద్రం గోడ కాదు, వంతెన అన్నారు.
సముద్రం మీద వంతెన పని చేసినవాణ్ణి
నేనింతవరకూ చూళ్లేదు.
రొయ్యల కంపెనీ భూపతిరాజు గారు
శీతల గిడ్డంగుల గురించి నలభై నిమిషాలు.
నేను రేవు మెట్ల మీంచి నీళ్లు చూస్తున్నాను.
రాటకి పట్టిన గుల్లలు
ఒక్కో వరసా బయటపడుతున్నాయి.

వాళ్లలో ఒకావిడ, ఎగుమతుల శాఖ.
మెడలో బిళ్ల మీద దేవియానీ సన్నాసీ అని ఉంటే
మావాళ్లు మూతికి చెయ్యడ్డం పెట్టుకున్నారు.
మా తాత పేరూ సన్నాసే. నేను నవ్వలేదు.
ఆవిడ దగ్గరో కాగితం నకలు:
నంబరు, తండ్రి పేరు, ఎత్తు,
కుడి భుజం మీద కాలిన మచ్చ,
ఎక్కిన రేవు కోరంగి.
ఆ రేవేదని అడిగింది.
కలెక్టరాఫీసు వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.
తుపాను తిన్నంత తిని వదిలేసింది,
మిగతాది ఒండ్రు కప్పెట్టింది,
ఓడలాగిన చోట ఇప్పుడు పీతలు గుడిసెలేసుకున్నాయి.
ఎవరు చెప్తారు, పండగపూట?

మైకులో ఆవిడ ఒక్క తెలుగు మాటే అంది.
ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల మామ్మ అనేదట:
"పాటొచ్చింది."
హైదరాబాదు దుబాసీ చేతులెత్తి,
పాట వచ్చింది అంటున్నారు,
సంగీతం మన రక్తంలోనే ఉందన్నాడు.
చప్పట్లు.

పడవెక్కేసరికి పన్నెండు దాటింది.
రెండో మలుపు తిరిగామో లేదో
అడుగున బురద రాసుకున్న చప్పుడు
నా అరికాళ్లకి వినపడింది.
"ఒరే నూకరాజూ, పాటొచ్చేసింది, గెడెయ్యరా!"
ఆవిడ ఒక్కసారి లేచి నిలబడింది.
పడవంతా ఊగింది. భూపతిరాజు గారు
ఐసుపెట్టెని కావలించుకున్నారు.

పాట కాదమ్మా, పాటు.
నీళ్లు సముద్రంలోకి తీసేసే వేళ.
అప్పుడే ఓడ కదలాలి,
ఎక్కినవాళ్లు ఎక్కినట్టు, గట్టున ఉన్నవాళ్లు ఉన్నట్టు.
దుబాసీ గొంతు తగ్గించి చెప్పాడు.
ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
మరి తిరిగొచ్చే నీటినేమంటారు, అంది.
పోటు.
ఆ మాట రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకుంది.
"ఇది మామ్మ ఎప్పుడూ అన్లేదు."

అంతే, బురదలో దిగబడిపోయామండి.
కాన్సులు గారు బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు.
ఐసుపెట్టె మూత మీదే ఒప్పందం సంతకాలయ్యాయి,
నెలకి రెండు కంటైనర్లు,
సంతకంలో ఒక చుక్క నీళ్లు పడి సిరా పాకింది.
లేసు తాలూకు సత్యవేణమ్మ
పూతరేకుల పొట్లం విప్పి అందరికీ పంచింది,
అమ్మకానికి తెచ్చినవే.
ఆ మధ్యలో ఎప్పుడో
దేవియానీ గారు పడవ ముక్కు దాకా పాక్కుంటూ వెళ్లి
జెండా విప్పి, ఎరుపు పైకి తిప్పి కట్టింది.
నన్నేమీ అనలేదు.

పోటు తగిలేసరికి నాలుగు గంటలు.
అద్దె ఇంకా రాలేదండి.
ఎన్నిసార్లు తిరిగినా ఆ కుర్రాడు ఒకటే మాట,
ఊరికే ఆగి ఉన్న టైముకి
బిల్లులో గడి లేదట.