ఉత్తరం మోసినామె

కొత్తవాడలో మా జెమీమా పెద్దమ్మ
తల మీద కొంగు ఏ వాక్యం కోసమూ కప్పుకోలేదు.
జంపఖానా మగ్గం ఎగజిమ్మే నూలు దుమ్ము
నెత్తిల ఇరుక్కుంటదని కప్పుకుంది.
ఆ కొంగుతోనే చర్చికి పోయేది.
పాస్టరు గారు మెచ్చుకునేవారు.

తాళంచెవి ఆమె దగ్గరే.
ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం జమచేసేది ఆమే.
జ్వరమొచ్చిన ఇంటికి, పోచమ్మ మైదాన్ అవతలికైనా,
నడిజామున ప్రార్థనకు నడిచేది ఆమే.
పీఠం మాత్రం ఎక్కలేదు.
తుడిచింది, ప్రతి శనివారం.

ఆ ఆదివారం పాస్టరు పాత ఉత్తరం విప్పాడు:
సంఘంలో ఆడవాళ్ల నోరు లేవొద్దని,
సందేహముంటే ఇంట్లో మొగుణ్ణి అడగమని.
పెద్దనాయిన సమాధుల దొడ్డిలో పడుకుని పన్నెండేండ్లు.
బతికున్నప్పుడూ ఆయనకు
కల్లు ధర తప్ప సందేహాలు తెలియవు.

నలభై ఏండ్లు మగ్గాల సప్పుడు మీద నుంచి
కేకేసి మాట్లాడిన గొంతు ఆమెది.
గుసగుస దానికి రాదు.

రాత్రి, యూనివర్సిటీలో చదివింది చెప్పాను.
ఆ కాలపు రాతలు ఇంకా ఉన్నాయని,
ఒకదాంట్లో ఒక పిల్ల పెళ్లి కాదనుకుని
మగబట్టలు కట్టి బోధకు బయల్దేరిందని,
ఇంకోదాంట్లో ఆడది మగాడైతేనే పరలోకమని.
రాట్నం ఆపకుండానే అడిగింది:
"అందరు మగోళ్లే అయితే
పొద్దుగాల ఆడ వాకిలెవలు ఊడుస్తరే?"

ఊదారంగు బట్టలమ్ముతూ ఇల్లే సంఘం చేసినామె గురించి,
మొగుడితో కలిసి గుడారాలు కుట్టినామె గురించి చెప్పాను.
రేవు ఊరి నుంచి సముద్రం దాటి
ఉత్తరం మోసుకుపోయినామె దగ్గర
కండె ఆగింది.

"మోసింది ఆడామెనా?"
"అవును."
"ఆ ఊర్ల అందరికి సదువొస్తదా?"
"రాదు. తెచ్చినవాళ్లే చదివి వినిపించేవాళ్లేమో, అంటారు కొందరు."
"మరి నోరు మూసుకోని ఎట్ల సదివింది?"

అది వేరే ఉత్తరం పెద్దమ్మా, ఇది వేరే, అనబోయాను.
"రాసిన చెయ్యి ఒక్కటే గద" అంది.
పండితుల తగువులన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

శనివారం తాళం తీసే ఉంది.
బక్కెట్, గుడ్డ మెట్టు మీద.
లోపల ఖాళీ బల్లలకు ఎదురుగా
పీఠం వెనక నిలబడి
కూడబలుక్కుంటూ చదువుతోంది,
మగ్గాల గొంతుతో.

ఒక ఆడపేరు దగ్గర నాలుక తిరగలేదు.
మళ్లీ మొదలుపెట్టింది.
మూడోసారికి కుదిరింది.

తర్వాత పీఠం తుడిచింది.