సంచి కారినంతసేపు

ఈ సంచి పుట్టింది రొయ్యపిల్లల కోసం.
రామాయపట్నం హేచరీలో
సముద్రాన్ని వడగట్టి వడగట్టి
అంచు చిరిగితే గోడవతల పారేశారు.
డ్యూటీ దిగి వస్తా నేనే ఏరుకొచ్చా.
ఉప్పువాసన పొయ్యేదాకా మూడు ఆదివారాలు ఉడకేశా.

ఇప్పుడు దాన్నిండా
సగం బార్లీ, సగం మన పచ్చజొన్న.
తడి గోతాం మీద మొలకెత్తించి
మిద్దె మీద ఎండేసి
కావలి మరలో పలుకుపలుకుగా పగలేయించిన గింజ.
షామియానా అంగడి నుంచి అద్దెకు తెచ్చిన బిర్యానీ డేగిసాలో
గంటసేపు, అరవై ఆరు డిగ్రీల దగ్గర,
పసిబిడ్డకు నీళ్లు తొలిపినట్టు
చూసుకుంటా కూర్చున్నా.

"మాల్యాద్రీ, ఇంక లాగరా తాడు."

గిలక మా బావిది.
చుట్టూ రొయ్యల గుంటలు తవ్వినాక
నీళ్లు ఉప్పుబారి బావి పూడ్చేశాం.
గిలక అరుపు మాత్రం అదే.

సంచి లేచింది
అప్పుడే ఈనిన దూడలాగా,
ఒళ్లంతా జిగట, ఆవిర్లు,
మోయలేనంత బరువు.
తాడు రెండు చుట్లు తిప్పి
దూలానికి బిగించాం.

ముందు ధార.
డేగిసాలో వానపడ్డ చప్పుడు.
కాసేపటికి జడంత.
ఆనక పురికొసంత.
పొద్దు గోడ దిగేసరికి
చుక్క, చుక్క.
తేనెరంగు.

మాల్యాద్రివి వలలు పిండే చేతులు, ఊరుకోవు.
"ఒక్క పట్టు పడితే అయిపోద్దిగా అన్నా."
"వొద్దురా, పొట్టులో వగరు దిగుద్ది."
వాడు చేతులు చంకల్లో దాచుకున్నాడు.

అప్పుడొచ్చింది మస్తానమ్మ,
కుడితి బకెట్టు పట్టుకోని.
"ఏందబ్బయ్యా, ఆ యేలాడేది?"
"జావ" అన్నా.
నా నోట్లోంచి ఆ మాట ఎట్టా వచ్చిందో.

తొంభై రెండులో
సారా లారీకి అడ్డంగా
కావలి రోడ్డు మీద కూర్చున్న ఆడోళ్లలో
ఈమె ఉంది, చంకలో బిడ్డతో.
కుండలు పగలగొట్టిన రోకలి
ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది,
దాంతోనే కారం దంచుద్ది.
మా నాయన కూడా ఉన్నాడు ఆ రోజు.
లారీలో, డ్రైవరు పక్కన,
లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకోని.

సంచి కింద వేలు పెట్టి
ఒక చుక్క పట్టి నాలిక్కి రాసుకుంది.
"తియ్యంగానే ఉండాదే."
మూలనున్న తెల్ల డ్రమ్ము వైపు చూసింది.
మూతకు దిగేసిన సన్న గొట్టం వైపు చూసింది.
"ఇంకా ఏం కలపలా?"
"రాత్రికి."
"రాత్రికి" అంది తనూ.

చుక్కకీ చుక్కకీ మధ్య
ముగ్గురికీ మాటల్లేవు.
ఆ సందున
మాల్యాద్రి చెయ్యి మళ్లీ సంచి మీదికి పోయింది.
"పిండబాకరా" అంది మస్తానమ్మ, చూడకుండానే.
"దానంతటదే కారనీ."
ఈమెకెట్టా తెలుసో
నేనడగలా.

సంచి దించి పిప్పి బకెట్లోకి దిమ్మరిస్తే
పొగలు లేచినాయి.
"బర్రె తింటదిలే. సంచి కూడా ఇటియ్యి" అని
రెండూ పట్టుకోని పొయ్యింది.

రాత్రి కాచి చల్లార్చి ఈస్టు చల్లా.
తెల్లారేసరికి గొట్టం చివర
నీళ్ల సీసాలో
బుడుక్, బుడుక్.

దొడ్లోకి వచ్చి చూస్తే
ఆమె తీగ మీద, రెండు చీరల మధ్య,
సంచి తిరగేసి ఆరేసి ఉంది.
కుట్లల్లో ఒక్క పొట్టు లేదు.
చిరిగిన అంచుకి
జాకెట్టు కుట్టే నీలం దారంతో దగ్గరదగ్గరగా కుట్లు.

నన్ను చూసి తల తిప్పుకుంది.

బర్రె అర్ధలీటరు ఎక్కువిచ్చిందంట.
మాల్యాద్రికి చెప్పింది,
నాకు కాదు.