పద్నాలుగు ఎంబీలు

పక్కవాటా హిమజ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టిపోయింది,
పద్నాలుగు ఎంబీల పనిముట్టు.
"విమానం పైకి లేచాక ఇది నొక్కు మావయ్యా,
నడిమి దూరం మింగేస్తుంది.
లేవడం, దిగడం, అంతే.
మధ్యలో ఏముంటుంది గనక?"

తెర అడుగుతోంది, ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అని.
రెండు గళ్ళు. ఒకదాని చుట్టూ నీలిగీత.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
ఇరవై రెండేళ్ళుగా గేజీలు చూసేవాణ్ణి నేను.
అమ్మోనియా ప్రెజరు, కంప్రెసరు వేడి, చాంబరు చలి,
గంటకోసారి పుస్తకంలో అంకె వేయాలి.
అంకె మారదు. మారనందుకే నాకు జీతం.
లోపల మిర్చి టిక్కీలు ధరకోసం నిద్రపోతుంటాయి.
యార్డులో ధర లేచినా పడినా పేపర్లో వస్తుంది.
మధ్యలో ఉన్న చలి మాత్రం నాది.

రాత్రి పదింటికి కొరిటెపాడులో మేడమీది గది.
పాత ఆటో హ్యాండిలు నా చేతుల్లో,
కుట్టుమిషను తొక్కుడుపలక కాళ్ళకింద
(మా ఆవిడ ఇంకా క్షమించలేదు).
పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సైదా,
స్టోరేజీ వాచ్‌మన్, డ్యూటీ లేని రాత్రుళ్ళు నా కోపైలట్.
"ఫ్లాపులు?"
"దించా."
"చక్రాలు?"
"ఉన్నయ్ లే, పోనీ."

గన్నవరంలో లేస్తాం. బ్యారేజీ ఉండాల్సినచోట
నీలిరంగు పూసిన పలక.
ఒక చుట్టు గుంటూరు మీదుగా తిప్పుతాను.
గుంటూరు ఉండదు. గోధుమరంగు మరక,
ఒకే అచ్చులో పోసిన నాలుగు ఇళ్ళు.
"మన స్టోరేజీ ఏదన్నా?" అని వంగి చూస్తాడు.
ఒక మరక చూపిస్తాను.
ప్రతిసారీ అది వేరే మరక.

అక్కణ్ణించి ఢిల్లీకి రెండు గంటల పైచిలుకు.
ముప్పైనాలుగు వేల అడుగులు. ఆటోపైలట్.
అదిగో, హిమజ అడిగిన మధ్య.
బయట మైనస్ నలభై ఎనిమిది అని చూపిస్తే
"మన చాంబరే నయం" అంటాడు సైదా.
వేరుశనక్కాయలు ఒలుస్తాడు. పొట్టు కీబోర్డులో పడుతుంది.
నాగపూరు దాకా మాటలుండవు.

ఒకరాత్రి అక్కడే, ఆ చీకటి మీద,
ఎవరూ అడక్కుండా అన్నాడు:
"పెద్దదానికి చూపు తగ్గుతోందన్నా.
తిరిగి రాదన్నాడు డాక్టరు."
నేను గేజీ వంక చూశాను.
ఏమనాలో తోచక "ఎత్తు సరిగానే ఉంది" అన్నాను.
తలూపాడు.
భోపాల్ దాకా ఇద్దరం ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాం.

ఇందులో నీతేం లేదు.
నాకూ పొద్దున ఆరింటికి షిఫ్టుంది, మోకాళ్ళున్నాయి.
నాలుగేళ్ళలో ఢిల్లీలో సరిగ్గా దించింది మూడుసార్లు.
మిగతావన్నీ దారిలోనే కరెంటు పోయో,
నిద్రొచ్చో, ఎవరో తలుపుకొట్టో.
మధ్య మింగేస్తే రాత్రికి పదిసార్లు దిగొచ్చు,
చెయ్యి తిరిగేది.
ఆ భోపాల్ రాత్రి ఇది ఉండుంటే
నొక్కేవాణ్ణే. ఒప్పుకోవాలి.

సైదా మెట్లెక్కి వచ్చాడు, చేతిలో పొట్లం.
రెండు గళ్ళేంటని అడిగాడు. చెప్పాను.
చాలాసేపు ఆలోచించి
"పెట్టుకో అన్నా. పెట్టినంత మాత్రాన నొక్కాలా?"
ప్లాంటులో ఎమర్జెన్సీ మీటకి అద్దం బిగించింది
ప్రమాదానికి భయపడి కాదు సైదా,
చేతులకి భయపడి.
అందామనుకున్నాను. అనలేదు.

పెట్టాను.
మూల చిన్న బాణంగుర్తు వచ్చి కూర్చుంది,
పిలవని చుట్టంలా.

ఇప్పుడు నాగపూరు వస్తోంది.
సైదా కాయలు ఒలవడం ఆపాడు.
గొంతు సవరించుకుంటున్నాడు.
నా రెండు చేతులూ తొడలకింద పెట్టుకున్నాను,
చాంబరులో చలేసినప్పుడు చేసినట్టు.